లైనంతటికీ ఆయన పేరే

మా కోర్టు వకీళ్లకు తీర్మానం చేయడం టీ తాగినంత తేలిక. ఆ రోజు కూడా టీ గ్లాసులు ఖాళీ అయ్యేలోపే పని అయిపోయింది. రాబర్ట్‌సన్‌పేటలో బట్టల షాపులో పనిచేసే ఒక అమ్మాయి మొహాన్ని ఎవడో బూతు బొమ్మలకు అతికించి ఆమె ఫోనుకే పంపాడు, ఆమెకు తెలిసిన మరికొందరికీ పంపాడు. పోలీసులు ఒక మనిషిని పట్టుకొచ్చారు. ఆ మనిషి తరఫున మనలో ఎవరూ వకాలతు వేయకూడదని తీర్మానం. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. నేను ఎత్తలేదు. అదేం గొప్పతనం కాదు, ఒక చేతిలో ఫైళ్లు, ఇంకో చేతిలో టీ గ్లాసు ఉన్నాయి. నాకు అడ్డుచెప్పాలన్న ఆలోచన కూడా అప్పటికి రాలేదు.

కానీ ఎత్తిన చేతులను చూస్తుంటే ఒళ్లు మండింది. గొంతులు కోసినవాళ్లకు బెయిలు తెచ్చిపెట్టిన చేతులే అన్నీ. బీదవాళ్ల ఇంటి స్థలాలు మింగినవాళ్లకు స్టేలు తెచ్చిన చేతులే. ఇప్పుడు మాత్రం ఊరి ఆడపిల్లల మానాన్ని కాపాడేస్తున్నాయట! మంచివాళ్లమని అనిపించుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

నాది కామసముద్రం వైపు పల్లె. రాగి చేను, పట్టుపురుగుల తట్టలు చూసుకుంటూ చదువుకున్నదాన్ని. గనులు మూసేసిన చాలా ఏళ్లకు కోలారు గోల్డ్ ఫీల్డ్స్ కోర్టుకు ప్రాక్టీసుకు వచ్చాను. బంగారం పోయి, పని పోయి, మనుషులు మాత్రం మిగిలిపోయిన ఊరికి వకీలు అవసరం ఎక్కువే.

ఆ ఆదివారం మధ్యాహ్నం పట్టుబడిన మనిషి భార్య మా ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి ఒకడు ఆమెను తన బండి మీద తీసుకొచ్చాడు. ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది.

"లాయరమ్మా, నా మొగుడు అట్లాంటోడు కాదు."

"అందరి పెండ్లాలూ ఆ మాటే చెప్తారు తల్లీ" అన్నాను. నా నోటి దురుసు అలాంటిది.

"ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషమ్మా. ఈ పొద్దు ఆయన జాగాలో వేరే ఆయన చదివినాడు. ఒకరన్నా నా పక్క చూడలేదు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత బండి తెచ్చిన మనిషిని చూపించింది. "ఈడొక్కడే ఉండాడు నాకు. నా మొగుడికి జ్ఞాన కొడుకు. జ్ఞానస్నానం నాడు ఈణ్ణి చేతుల్లోకి ఎత్తుకొనింది ఆయనే."

ఇక్కడి కేథలిక్కుల ఇళ్లలో జ్ఞానతండ్రి అంటే మాటవరసకు అనేది కాదు. ఆ బిడ్డకు ఏటా క్రిస్మస్ బట్టలు ఆయనే కుట్టించాలి. పెళ్లిలో ఆయనే ముందు నిలబడాలి. ఈ అబ్బాయి చిన్నతనంలోనే సొంత తండ్రి గని దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి పోయాడట. అప్పటినుంచి తండ్రైనా తల్లైనా ఈ జ్ఞానతండ్రే.

"మేడమ్, మా నాయనకు ఫోనులో ఫోటో చూసేదే రాదు. పంపేది యాడిది?" అన్నాడు అతను. మర్యాదగా, నిదానంగా మాట్లాడాడు. బెంగళూరులో ఒక కంపెనీలో పనిచేస్తాడట. అంత మంచి మనిషి తోడుగా వచ్చాడనే నేను ఆమెను లోపలికి రమ్మన్నాను.

మరునాడు కోలారు జైలుకు వెళ్లాను. ఇనుప జాలీ వెనక నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి, నెరిసిన గడ్డం. మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకరు డ్రైవరు. నన్ను చూసి తలవంచుకుని ఏడ్చాడు. కొత్త కక్షిదారులందరికీ చెప్పే మాటే ఆయనకూ చెప్పాను.

"అన్నా, నాకు చెప్పిన మాట నా దగ్గరే ఉంటుంది. జడ్జి అడిగినా, పోలీసులు అడిగినా బయటికి రాదు. నువ్వు ఒప్పుకుంటే తప్ప ఎవరికీ చెప్పే హక్కు నాకు లేదు. కాబట్టి నిజం చెప్పు."

"ఫాదర్ కాడ పాపం చెప్పుకున్నట్టేనా అమ్మా?"

"దాదాపు అంతే."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.

బొమ్మలు పంపిన ఫోను నంబరు ఆయన పేరు మీదే ఉంది. పోలీసుల దగ్గరున్న సాక్ష్యమంతా అదే. కానీ ఆయన పేరు మీద ఉన్న నంబరు అదొక్కటే కాదు. వాళ్ల లైనులో సగం మంది చేతుల్లో ఉన్న సిమ్ములు ఆయన పేరుతో తీసుకున్నవే!

ఈ ఊరి సంగతి తెలియనివాళ్లకు ఇది పిచ్చిపనిలా కనిపిస్తుంది. గని కార్మికుల కోసం కట్టిన లైను ఇళ్లు కంపెనీవి. గని మూసేశాక జనం అందులోనే ఉండిపోయారు కానీ, ఇల్లు వాళ్లది కాదు, కరెంటు బిల్లు వాళ్ల పేరున రాదు, పన్ను రశీదు లేదు. తరాలుగా ఒకే గదిలో పుట్టి పెరిగినా ఆ గదిలో ఉంటున్నామని చూపించే కాగితం ముక్క ఉండదు. ఆధార్ కార్డు ఇంకా అందరికీ రాని కాలం అది. బెంగళూరులో పని కావాలంటే ఫోను ఉండాలి, ఫోనుకు సిమ్ము కావాలి, సిమ్ముకు చిరునామా రుజువు కావాలి. లైను మొత్తంలో ఇంటి నంబరుతో సహా సరైన లైసెన్సు ఉన్నది ఈ ట్యాంకరు డ్రైవరుకే. "అన్నా, ఒక సంతకం" అని ఎవరొచ్చినా షాపుకు వెళ్లి తన పేరుతో సిమ్ము తీసిచ్చేవాడు. గ్యాసు కనెక్షన్లు కూడా అలాగే.

"ఎంతమందికి ఇచ్చినావన్నా?"

"లెక్క పెట్టలేదమ్మా. సుమ్నే, ఊరికే ఇచ్చినాను, ఒక్క కాఫీ కూడా తాగలేదు ఎవురి కాడా. పేరే కదా, అరిగిపోతాదా అనుకున్నా."

"సరే. ఈ నంబరు ఎవరికిచ్చినావు?"

ఆయన జాలీని పట్టుకున్న తన వేళ్ల వైపు చూశాడు. "యాది లేదమ్మా. ఒకరి కాడ నుంచి ఒకరికి పోయింటాది."

నమ్మాను. అంత నోట్లో నాలుక లేని మనిషి అబద్ధమాడతాడని ఎలా అనుకుంటాను?

కేసు నిలబడాలంటే నాకు లైనులోంచి ఒక్క మనిషి కావాలి. "మా సిమ్ములు కూడా ఆయన పేరువే" అని కోర్టులో ఒక్క మాట చెప్పేవాళ్లు. వెళ్లాను. అప్పటిదాకా కొళాయి దగ్గర గట్టిగా మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు నా నల్లకోటు చూసి బిందెలు ఎత్తుకుని ఎటువాళ్లు అటు వెళ్లిపోయారు. పోలీసులు ఆయన్ను తీసుకెళ్లిన రాత్రే లైనులో అందరూ సిమ్ములు తీసి పారేశారట. ఒక ముసలావిడ మాత్రం దాచకుండా చెప్పింది.

"సైనైడు గుట్ట కాడ, ఆ గని మట్టిలో పారేసినాము. పెట్టుకుంటే మమ్మల్ని కూడా పట్టుకోని పోరా?"

"ఆ మాటే కోర్టులో చెప్పు అవ్వా."

"అయ్యయ్యో! మా పిల్లోళ్లు పనికి పోవద్దా? పోలీసోళ్లు ఇంటికొస్తే మర్యాద ఉంటాదా? ఆ మనిషి దేవుడమ్మా, దేవుడట్ల మనిషి. కానీ మేము రాము."

దేవుడట! దేవుడికైతే సాక్ష్యం అక్కర్లేదు కదా. "ఇన్నేళ్లు ఆయన పేరు మీద మాట్లాడారు కదా, ఆయన కోసం ఒక్కసారి మాట్లాడలేరా?" అని నడివీధిలో అరిచాను. తలుపులు ఒక్కటొక్కటిగా మూసుకున్నాయి. జ్ఞాన కొడుకు మాత్రం ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేశాడు. చెంబుతో నీళ్లిచ్చాడు. అతని భార్య పసిబిడ్డను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది.

"నేను వచ్చి చెప్తే కంపెనీలో తీసేస్తారు మేడమ్. పసిబిడ్డ ఉండాది" అన్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. ఆ నీళ్లు చూసి నాకే జాలేసింది, ఏం చెప్పమంటారు!

బెయిలుకే నెలలు పట్టింది. విచారణ ఇంకా సాగింది. వకాలతు వేసినందుకు వకీళ్ల గదిలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. నాకు పని నేర్పిన సీనియరు ఒకాయన మాత్రం పిలిచి సలహా ఇచ్చాడు.

"సాక్షులు లేరని ఏడవడం ఎందుకు? ఆ పిల్లనే పట్టుకో. ఎవరితో తిరుగుతుంది, ఎవరికి ఫోటోలిచ్చింది, షాపు ఓనరుతో ఎలా ఉంటుంది, వరసగా అడుగు. బోనులో ఏడుస్తుంది. సగం కేసు అక్కడే చస్తుంది."

మా వృత్తిలో ఇది అందరికీ తెలిసిన దారే. ముద్దాయిని కాపాడటానికి ఆడదాన్ని నిలువునా ఒలిచేయడం. అలా చేయనని ఆయనతో అనేశాను. ముద్దాయికి ఈ సంగతి చెబితే రెండు చేతులూ జోడించాడు. "ఆ పాపను ఏమీ అనొద్దమ్మా. మా లైను బిడ్డ. నా కళ్ల ముందర పెరిగింది. అవసరమైతే నేనే జైలుకు పోతాను." ఇలాంటి మనిషికి వకీలునైనందుకు ఆ రోజు గర్వపడ్డాను కూడా.

అమ్మాయిని విచారించే రోజు వచ్చింది. ఇరవై రెండో, ఇరవై మూడో ఏళ్లు ఉంటాయేమో. ఆమె దగ్గర నేను చాలాసార్లు జాకెట్టు ముక్కలు కొన్నాను, రంగు సరిగ్గా కుదిరేదాకా ఎన్ని తానులైనా ఓపికగా విప్పేది. ఈ గొడవ తర్వాత షాపువాళ్లు పనిలోంచి తీసేశారు. ఆమె మొహం కత్తిరించింది కూడా ఎక్కణ్నుంచో కాదు, లైనువాళ్లంతా కలిసి దిగిన క్రిస్మస్ ఫోటోలోంచి.

కోర్టు హాలు బయట వరండాలో ఒక చివర ఆమె, ఒక చివర నా కక్షిదారు నిలబడ్డారు. ఉన్నట్టుండి ఆమె చేతిలో ఫోను మోగింది. ఆ పిల్ల అదిరిపడింది. ఫోను తిప్పి చూసి, ఏదో కంపెనీ మెసేజి అని తెలిశాక ఊపిరి వదిలింది. నేను అలాగే చూస్తుండిపోయాను. పంపినవాడు ఈయనే అని ఈ పిల్ల నమ్ముతుంటే, ఆయన రెండు చేతులూ కట్టుకుని కళ్లెదుటే నిలబడి ఉండగా ఫోనుకు ఎందుకు భయపడాలి?

ముందు ఇన్‌స్పెక్టరును ప్రశ్నించాను. ముద్దాయి దగ్గర దొరికిందని వాళ్లు పెట్టిన ఫోను బటన్ల ఫోను. అందులో ఫోటో ఎలా పంపాలో చూపించమన్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశాడు. "ఇంకో ఫోను దాచేసి ఉంటాడు" అన్నాడు ప్రభుత్వ వకీలు. జడ్జి ఆయన మాటకే తల ఊపారు.

తర్వాత అమ్మాయి. జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని మాకు మొదటిరోజే నేర్పుతారు. నేను అడిగేశాను.

"ఈయన జైల్లో ఉన్నప్పుడు నీకు మెసేజి ఏదైనా వచ్చిందా అమ్మా?"

ఇన్నాళ్లకు ఎవరో ఒకరు అడిగారే అన్నట్టు ఆమె నా వైపు చూసింది.

"వచ్చింది."

"ఏ నంబరు నుంచి?"

"అదే నంబరు నుంచి. 'నన్నేనా పట్టుకునింది?' అని ఉండింది. దాని కింద మళ్లా బొమ్మ."

"పోలీసులకు చెప్పలేదా?"

"చెప్పినాను. మనిషిని పట్టుకున్నాము కదా, ఇంగేం కావాల, ఆ నంబరు బ్లాక్ చేసుకోపో అన్నారు. మళ్లా స్టేషనుకు పోవద్దని మా నాయన కొట్టినాడు." ఆమె సంచిలోంచి పాత ఫోను తీసింది. చెరపకుండా దాచుకుంది. జడ్జి తెప్పించుకుని తారీఖు చూశారు, ముద్దాయి జైల్లో ఉన్న రోజులతో సరిచూశారు.

ఆ ఒక్క జవాబుతో నా కక్షిదారు బయటపడ్డాడు. ఆయనను కాపాడింది నేను కాదు, లైను కాదు, చర్చి కాదు. ఎవరూ నమ్మి వినని ఆ పిల్ల.

తీర్పు రోజు చేతులెత్తిన వకీళ్లంతా వచ్చి నా చెయ్యి పట్టి ఊపారు. "గెలిచేశారే, పార్టీ ఎప్పుడు?" అంటూ ఒకటే నవ్వులు. అరెస్టు నాడు ఆయన ఫోటో వేసిన పేపరు విడుదల గురించి రెండు ముక్కలు కూడా రాయలేదు. మెట్ల దగ్గర ఆ అమ్మాయి నాకోసం కాచుకుని ఉంది.

"ఆయన కాదని నాకూ సంతోషమే అక్కా. మరి ఎవురు? మళ్లా వెతుకుతారా?"

"ప్రభుత్వ వకీలును అడగాలమ్మా."

"ఆయన భోజనానికి పోయినాడు. పోలీసోళ్లు ఫైలు మూసేసినామంటారు. ఆయనకు నువ్వుండావు. నాకెవురుండారక్కా?"

ఆమె చెయ్యి పట్టుకుని, "నాకు ఏ చిన్న సంగతి తెలిసినా నీకు చెప్తాను" అన్నాను. మాటవరసకు అన్నది కాదు, మనస్ఫూర్తిగానే అన్నాను.

వారం తిరగకముందే నా కక్షిదారు మా ఇంటికి వచ్చాడు. భార్యను కూడా తేలేదు. సంచి నిండా మామిడికాయలు తెచ్చి గోడ పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"అమ్మా, ఆ పొద్దు జైల్లో ఒక మాట చెప్పినావే. నీకు చెప్పింది బయటికి పోదని. ఇప్పుడు కూడా అంతేనా?"

అప్పీలు గడువు ఇంకా ఉంది. ఆయన ఇంకా నా కక్షిదారే. "అంతే అన్నా" అన్నాను.

"స్టేషన్లో ఆ నంబరు చూపించిన గడియలోనే నాకు తెలిసిపోయింది. అది నా కొడుకుకి, వాడే, జ్ఞాన కొడుకుకి, వాని పెండ్లికి ముందు నేనే ఇచ్చిన నంబరు."

కుర్చీ వేసిన చేతులు, నీళ్లిచ్చిన చెంబు, కళ్లల్లో తిరిగిన నీళ్లు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"నేను జైలు నుంచి వచ్చినాక అడిగినా. కాళ్లు పట్టుకోని ఏడ్చినాడు. వాడు మంచోడేనమ్మా, ఏదో సైతాను పట్టింది. నేను లోపలుండంగా మళ్లా మెసేజి పంపింది కూడా నన్ను విడిపించేదానికే అంట."

ఇక ఆగలేకపోయాను. "విడిపించడానికా? దాని కింద మళ్లీ బొమ్మ పెట్టాడే, అది కూడా నిన్ను విడిపించడానికేనా? ఛీ! ఆ పిల్ల ఫోను మోగితే ఇప్పటికీ ఎట్ల అదిరిపడుతుందో నువ్వు చూడలేదా అన్నా? అదే వరండాలో నిలబడి ఉన్నావు కదా! 'ఆ పాపను ఏమీ అనొద్దు' అన్నావే, అది ఆ పాప కోసమా, వాడి కోసమా?"

బయటికి వినపడుతుందేమోనని ఆయన తలుపు వైపు చూశాడు.

"పోలీసులకు చెప్పు. లేదంటే నేను చెప్పడానికి ఒప్పుకో. ఆమెకైనా చెప్పనీ."

"వాని తండ్రికి మాటిచ్చినానమ్మా, సచ్చేటప్పుడు. పీఠం ముందర వాణ్ణి ఎత్తుకున్న చేతులు ఇవి. నేను చెప్పలేను. నువ్వు కూడా చెప్పొద్దు." లేచి నిలబడ్డాడు. "ఫాదర్ కాడ చెప్పుకోవాలంటే నోరు రాలేదు. నీ కాడ చెప్పినా. ఇప్పుడు స్వల్ప తేలికైంది."

ఆయనకు తేలికైంది. బరువంతా నా నెత్తిన పెట్టి, మామిడికాయల సంచి కూడా పెట్టి వెళ్లాడు. ఆ కాయలు ఎవరికీ ఇవ్వలేదు. అక్కడే కుళ్లిపోయాయి.

చట్టం పుస్తకాలు అన్నీ తిరగేశాను. ఎక్కడైనా చిన్న సందు దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఈ కట్టుబాటు లేకపోతే ఏ ముద్దాయీ వకీలుకు నిజం చెప్పడని నాకు తెలుసు, ఇంతకాలం నేనే అందరికీ చెప్పుకొచ్చాను. పిల్ల వకీళ్లకు ఇప్పుడు కూడా అదే చెప్తాను.

కొన్నాళ్లకు హైకోర్టు పని మీద పొద్దున్నే బెంగళూరు రైలుకు స్టేషనుకు వెళ్లాను. ఆ రైలంటే తెలుసు కదా, ఊళ్లో పని దొరకని జనమంతా తెల్లారకముందే దాంట్లో ఎక్కి, చీకటి పడ్డాక దిగుతారు. ముందు ఎక్కినవాళ్లు తెలిసినవాళ్ల కోసం సీటు మీద చేతిరుమాలు వేసి పట్టి పెడతారు. ఆ తోపులాటలో "అక్కా" అని ఎవరో నా కొంగు పట్టుకున్నారు. ఆ అమ్మాయే. బెంగళూరులో గార్మెంట్స్‌లో పని దొరికిందట. టిఫిను డబ్బా చంకలో ఉంది. మొహం కాస్త తేటబడింది.

"అక్కా, ఎవురో ఏమన్నా తెలిసిందా?"

నేను నోరు తెరిచేలోపు పెట్టె కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది. "పాపా, సీటు పెట్టినాను, రా!" ఆ జ్ఞాన కొడుకే. నన్ను చూసి ఒక్క క్షణం తడబడి, రెండు చేతులూ జోడించి నవ్వాడు. "నమస్తే మేడమ్."

"మా లైను అన్న" అంది అమ్మాయి మెచ్చుకోలుగా. "ఆడపిల్ల ఒంటిగా పోతాండావు, భయపడొద్దు అని దినామూ నాకు సీటు పెడతాడు. చెప్పక్కా, ఏమన్నా తెలిసిందా?"

గార్డు ఈల వేశాడు.

"లేదమ్మా" అన్నాను. "ఏమీ తెలియలేదు."

"సరే అక్కా" అని ఆమె పరిగెత్తి ఎక్కింది. అతను చేతిరుమాలు తీశాడు. ఆమె అతని పక్కన కూర్చుంది.